‘వాళ్లంతా ఇంతే’ అన్న మాటకు జవాబు ఎలా చెప్పాలి

విశాఖపట్నం పొరుగు జిల్లాల నుంచీ పొరుగు రాష్ట్రాల నుంచీ మనుషులు వచ్చి చేరగా పెరిగిన నగరం. 1933లో రేవు ప్రారంభమైన తరువాత ఓడల నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటి వెంట ఒడియా, బెంగాలీ, బీహారీ, పంజాబీ, మలయాళీ కుటుంబాలు వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల విద్యార్థులు వస్తున్నారు, పాడేరు, అరకు కొండల నుంచి గిరిజన యువత చదువులకూ ఉద్యోగాలకూ దిగి వస్తోంది. ఇన్ని రకాల మనుషులు ఒకే మెట్లెక్కి దిగే ఊళ్లో ‘వాళ్లంతా ఇంతే’ అన్న మాట అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలోనో, బంధువుల వాట్సాప్ గ్రూపులోనో, ఆఫీసు క్యాంటీన్‌లోనో తరచుగా వినబడుతుంది. ఆ మాట విని ఊరుకోలేక, అలాగని రోజూ ముఖముఖాలు చూసుకోవలసిన వాళ్లతో తగవు పెట్టుకోలేక ఇబ్బంది పడేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇక్కడ చెప్పే పద్ధతికంతా ఆధారం ఒక్కటే. ఒక సమూహం మొత్తం మీద వేసిన మాటను ఒక మనిషి దగ్గరికి, ఆ మనిషి చేసిన ఒక పని దగ్గరికి దించగలిగితే, అందులో నిజమెంతో అక్కడున్న వారందరికీ తెలిసిపోతుంది. అలా దించే క్రమంలో ఎవరి పరువూ పోకూడదు. ఇద్దరి పరువూ నిలపడం కుదరని చోట మాత్రం, మాట అన్నవారి పరువు కంటే మాట పడ్డవారి పరువు ముందు చూడాలి.

ముందుగా ఎవరు వింటున్నారో చూడండి

జవాబు నోటి దాకా వచ్చినా ఒక్క క్షణం ఆగి చుట్టూ చూడండి. ఇలాంటి మాటలో ఎప్పుడూ మూడు పక్షాలుంటాయి: అన్నవారు, ఎవరి గురించి అన్నారో వారు, వింటున్నవారు. మనం సాధారణంగా అన్నవారినే చూసి వారితోనే వాదనకు దిగుతాం. కానీ సమావేశం జరుగుతున్న గది గుమ్మం దగ్గర ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ నిలబడి ఉండవచ్చు. ఆయనకు తెలుగు రాదనుకుని మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, పదేళ్లుగా ఇక్కడే ఉన్నవారికి మాట్లాడడం సరిగ్గా రాకపోయినా అర్థం కాకుండా ఉండదు. వాట్సాప్ గ్రూపులో మౌనంగా ఉన్న రెండు వందల మందిలో ఒకరి కోడలు మణిపూర్ అమ్మాయి కావచ్చు.

మాట పడ్డ మనిషి అక్కడే ఉంటే మీ మొదటి మాట వారికి అండగా ఉండాలి, కానీ వారిని సాక్షిగా నిలబెట్టకూడదు. ‘ఏమ్మా, మీ జాలరిపేటలో నిజంగా అలాగే ఉంటుందా, చెప్పు’ అని చేపలమ్మే ఆవిడను అందరి ముందూ అడగడం సాయంలా కనిపించినా, తన వాళ్లందరి తరఫునా జవాబు చెప్పే బరువును ఆవిడ నెత్తిన పెట్టడమే అవుతుంది. ‘ఆవిడ పదిహేనేళ్లుగా మన మెట్లెక్కుతోంది, ఆవిడ వింటుండగా ఇలా మాట్లాడడం బాగులేదు’ అని మీరే చెప్పి, తరువాత విషయంలోకి వెళ్లండి. చెప్పే తీరు నెమ్మదిగా ఉంటే చాలు, ఆ మాటలో వెనకడుగు అక్కరలేదు.

‘ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు’ అని అడగండి

ఇది మొత్తం పద్ధతిలో అన్నిటికంటే పనికివచ్చే మెట్టు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మధురవాడలోని ఒక అపార్ట్‌మెంటులో ఖాళీ అయిన ఫ్లాటును యజమాని ఒక ఆఫ్రికన్ విద్యార్థికి అద్దెకిస్తానంటున్నారు, సంఘం సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ‘వాళ్లకిస్తే రాత్రుళ్లు నిద్రలుండవు, మన పిల్లలకు భయం’ అన్నారు. ‘మీరు జాతి వివక్ష చూపిస్తున్నారు’ అని మీరు అన్నారంటే ఆ క్షణం నుంచి చర్చ ఆ విద్యార్థి గురించి కాకుండా ఆ పెద్దాయన మంచితనం గురించి సాగుతుంది, ఆయన తన జీవితంలో ఎందరికి సాయం చేశారో చెప్పుకుంటూ పోతారు, ఫ్లాటు సంగతి తేలదు.

దానికి బదులుగా, ‘బాబాయి గారూ, మీకు ఎక్కడైనా అలా జరిగిందా? ఎవరి వల్ల జరిగింది?’ అని నిజంగా తెలుసుకోవాలన్న ఉద్దేశంతోనే అడగండి. జవాబు రెండు విధాలుగా వస్తుంది. ఎవరో చెప్పగా విన్నానని అంటే, ఆ సంగతి ఆయన నోటితోనే బయటికి వచ్చినట్టయింది, మీరు ఇంకేమీ అననక్కరలేదు. ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో రాత్రి రెండింటి దాకా పాటలు పెట్టేవారని అంటే, అది నిజమైన ఫిర్యాదు, దాన్ని కొట్టిపారేయకండి. ‘అయితే మన ఇబ్బంది చప్పుడుతో కదా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దానికి పరిమితులు పెడుతూ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. అదే మన సంఘం నియమంగా రాసుకుందాం, ఎవరు అద్దెకు దిగినా అందరికీ వర్తిస్తుంది’ అనండి. పెళ్లి సందడి పేరుతో అర్ధరాత్రి దాకా డీజే పెట్టిన మన కుటుంబాలు కూడా ఆ నియమం కిందికే వస్తాయన్న సంగతి గదిలో ఉన్నవారికి విడిగా చెప్పకుండానే తెలుస్తుంది.

ఇంటి అద్దె, పని, పెళ్లి సంబంధం వంటి చోట్ల ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయానికి కారణం కావాలి. ఉబుసుపోక మాట్లాడుకునే చోట కొంత తక్కువగా పనిచేస్తుంది. అక్కడ ఒక్కసారి అడిగి ఊరుకోండి.

కేసుల లెక్కలు చూపించినప్పుడు

కొందరు అంకెలతో వస్తారు. ‘దొంగతనాల్లో పట్టుబడేది ఎక్కువగా వాళ్లే కదా’ అంటారు. ఇక్కడ చాలామంది తడబడి, అంకెలన్నీ అబద్ధమని అనేస్తారు. అలా అనకండి, ఒక్క అంకె నిజమని తేలినా మీ మాటకు విలువ పోతుంది. పట్టుబడినవారి లెక్కకూ తప్పు చేసినవారి లెక్కకూ మధ్య ఏముందో అడగండి: పోలీసులు మొదట ఎవరి ఇల్లు సోదా చేశారు, ఎవరికి బెయిలు కట్టే స్తోమత ఉంది, ఆ సమూహంలో ఏ కేసూ లేనివారు ఎందరు?

ఈ మాటకు మన తెలుగు నేల మీదే పెద్ద ఆధారం ఉంది, దాన్ని ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలని నా కోరిక. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. ఆ చట్టం కింద ఒక తెగ మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించవచ్చు. అందులోని వారు పేరు నమోదు చేయించుకోవాలి, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటితే అదే నేరం. ఎరుకల కుటుంబాలను అలా తెచ్చి ఉంచిన స్థావరాల్లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం ఒకటి, దానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ మీదుగా వచ్చింది. ఉప్పూ పప్పూ ఎడ్ల మీద మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఆ ఎరుకల వారు రోడ్లూ రైళ్లూ వచ్చాక ఆ బతుకుతెరువును పోగొట్టుకున్నారు, ఆ పైన ఈ చట్టం వచ్చిపడింది. అడుగు కదిపితే నేరమైన వారి పేర్లు పోలీసు పుస్తకాల్లో నిండి ఉండడంలో వింతేముంది? స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ‘స్టువర్టుపురం దొంగ’ అన్న మాట మాత్రం సినిమాల్లోనూ పరాచికాల్లోనూ మిగిలిపోయి, ఆ ఊరి పిల్లలు ఉద్యోగానికి వెళ్లిన చోట చిరునామా చెప్పడానికి సంకోచించేలా చేసింది. ముందు ముద్ర వేసి, తరువాత లెక్క రాసి, ఆ లెక్కనే ముద్రకు రుజువుగా చూపించడం ఎలా జరుగుతుందో దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అంకెలు చూపించేవారికి ఈ కథను కోపం లేకుండా, పూర్తిగా చెప్పండి. రెండు నిమిషాలు పడుతుంది, సాధారణంగా వింటారు.

‘రక్తంలోనే ఉంది’ అన్నప్పుడు

దీనికి జవాబు చిన్నది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ వంటివారు మన ప్రాంతపు కులాల, తెగల వారి తలలూ ముక్కులూ కొలిచి వర్గీకరించిన కాలం ఒకటుంది. కానీ మనుషుల మధ్య ఉన్న జన్యు భేదాల్లో దాదాపు 85 శాతం ఏ ఒక్క సమూహాన్ని తీసుకున్నా దాని లోపలే ఉంటాయని, సమూహానికీ సమూహానికీ మధ్య ఉండేది మిగిలిన కొద్ది భాగమేనని జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో లెక్క చూపించారు. కులం కూడా జాతి భేదం వల్ల పుట్టిందేనని ఎవరైనా వాదిస్తే, అంబేడ్కర్ ఆ వాదాన్ని ఒప్పుకోలేదనీ, కులం ఒకే జాతి ప్రజల్లో వచ్చిన సామాజిక విభజన అని ఆయన చెప్పారనీ గుర్తుచేయండి. ఇంతకంటే లోతుకు వెళ్లకండి, విజ్ఞాన శాస్త్రంలోకి దిగిన వాదన చాలాసార్లు అసలు మనిషిని మరిచిపోతుంది.

మెచ్చుకోలు రూపంలో వచ్చినప్పుడు

‘ఏజెన్సీ వాళ్లు అమాయకులండీ, కల్లాకపటం తెలియదు.’ ఈ మాట అనేవారు మంచి మనసుతోనే అంటారు, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. అయితే ఈ మాట వెనకనే ‘కాబట్టి వాళ్లకు వ్యాపారం తెలియదు, వాళ్ల తరఫున మనమే నిర్ణయించాలి’ అన్నది నడిచి వస్తుంది. పాడేరు నుంచి వచ్చి నగరంలో బ్యాంకులో పనిచేసే యువతి తన పై అధికారితో గట్టిగా మాట్లాడితే ‘మీ వాళ్లు ఇలా ఉండరే’ అనిపించుకుంటుంది. మెచ్చుకోలుతో గీసిన గిరి కూడా గిరే.

ఇక్కడ వాదించకండి, తెలిసిన విషయం జోడించండి. బొర్రా పరిసరాల గనుల లీజుల మీద గిరిజనుల పక్షాన నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. ఆ తీర్పు దేశమంతటా షెడ్యూల్డ్ ప్రాంతాల చర్చల్లో ప్రస్తావనకు వస్తుంది. ‘అమాయకులు’ అన్న మాట వినగానే, ‘అంత పెద్ద కేసు మన కొండల నుంచే వెళ్లింది, తెలుసా అన్నయ్యా’ అంటే సరిపోతుంది. గిరిజన భాషలకు వ్యాకరణం ఉండదని ఎవరైనా అంటే, గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారని చెప్పండి. ఆయన ఆ పని పర్లాకిమిడిలో ఉండి చేశారు, అది మనకు ఎంతో దూరం కాదు.

అన్నవారికి తాము పడ్డ మాటను గుర్తుచేయండి

డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని మయామీలో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. ఇంటింటికీ వెళ్లి సుమారు పది నిమిషాలు మాట్లాడి, ‘మిమ్మల్ని ఎవరైనా వేరుగా చూసిన సందర్భం ఉందా’ అని అడిగి, వారు చెప్పింది ఓపికగా విన్నప్పుడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వారికున్న వ్యతిరేకత తగ్గిందనీ, ఆ మార్పు కనీసం మూడు నెలలు నిలిచిందనీ ఆ పరిశోధకులు చూపించారు. అక్కడ పనిచేసింది ఉపన్యాసం కాదు, ఎదుటివారి సొంత అనుభవం.

ఆ అనుభవం మన ఉత్తరాంధ్రలో వెతకనక్కరలేదు. ఇక్కడి నుంచి హైదరాబాదుకు పనికి వెళ్లినవారిని అడిగి చూడండి, ‘ఏటి’ అన్న ఒక్క మాటకు ఎన్నిసార్లు నవ్వులపాలయ్యారో చెబుతారు. ఇంకా వెనక్కి వెళితే, ఈ తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో కూలికి వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచి, మురికివాళ్లనీ పని లాక్కున్నవాళ్లనీ అన్నారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తరువాత రంగూన్‌లో చెలరేగిన అల్లర్లలో మనవాళ్లు ఎందరో చనిపోయారు. తరువాతి కాలంలో బర్మా వదిలి వచ్చిన కుటుంబాలు స్థిరపడిన బర్మా క్యాంప్ కంచరపాలెంలో నేటికీ ఉంది. బీహారు నుంచి వచ్చిన కూలీల గురించి మాట వచ్చినప్పుడు, ‘మావయ్యా, మన తాతలు రంగూన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు మన గురించి ఏమనుకునేవారంటారు?’ అని అడగండి. అడిగాక మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని మీరే నింపేస్తే ప్రశ్న వృథా అవుతుంది.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేతలో జరిగింది చెప్పవచ్చు. హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, ఆయన స్నేహితుణ్ణి ఒకడు మీ దేశానికి పొండని అరిచి కాల్చాడు, శ్రీనివాస్ చనిపోయారు. తాను కాల్చింది ఇరానీయులనని ఆ తరువాత అతడు చెప్పుకున్నాడు. అడ్డుపడబోయి తూటా దెబ్బ తిన్న ఇయాన్ గ్రిల్లాట్ అప్పటివరకూ వారికి పరిచయం లేని అమెరికన్. అయితే ఇది ఒక కుటుంబపు దుఃఖం కూడా, వాదన గెలవడానికి విసిరే రాయిగా వాడకండి. ఎదుటివారు నెమ్మదించి వినే స్థితిలో ఉన్నప్పుడే చెప్పండి.

స్వరం, చోటు, ఆగవలసిన సమయం

అందరి ముందు అన్న మాటకు అందరి ముందే ఒక్కసారి అభ్యంతరం చెప్పాలి, లేకపోతే మౌనంగా ఉన్నవారంతా ఒప్పుకున్నట్టు మాట పడ్డవారికి అనిపిస్తుంది. కాని వాదన మొత్తాన్ని అందరి ముందూ సాగించనక్కరలేదు. గ్రూపులో ‘ఈ మాట సరికాదు, ఇందులో మనందరి పరిచయస్థులున్నారు’ అని ఒక వాక్యం రాసి, తరువాత ఆ వ్యక్తికి ఫోన్ చేయండి. వయసులో పెద్దవారు ఫోన్‌లో ఒప్పుకున్నది పది మందిలో ఒప్పుకోరు, అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. ఒకే సాయంత్రం మూడోసారి అదే మాట తిరిగి వచ్చిందంటే ఆ రోజుకు ఆపేయండి.

మీరు పాటించవలసిన హద్దు కూడా ఒకటుంది: జవాబుగా ‘మీ కులం వాళ్లంతా ఇలాగే మాట్లాడతారు’ అనకూడదు. ఆ ఒక్క వాక్యంతో మీరు అప్పటిదాకా అడిగిన ప్రశ్నలన్నీ చెల్లకుండా పోతాయి. అలాగే మీ మాటలో తప్పుందని ఎవరైనా చెబితే, మీ ఉద్దేశం వివరించకుండా ‘సరే, మార్చుకుంటాను’ అని ముందుకు సాగండి.

చట్టం దాకా వెళ్లవలసి వస్తే

ప్రతి మొరటు మాటా నేరం కాదు, ప్రతిదాన్నీ పోలీసుల దాకా తీసుకెళతానని బెదిరించడం వల్ల మంచి జరగదు. కాని కొన్ని మాటలు నేరమే. షెడ్యూల్డ్ కులాల, తెగల వారిని, వారు కాని వ్యక్తి పదిమంది చూసే చోట కులం పేరుతో తిట్టినా, అవమానించాలనే ఉద్దేశంతో కించపరచినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. బయటివారెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ సెక్షన్ల కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కాబట్టి ఎక్కడ, ఎవరి ముందు అన్నారన్నది రాసి పెట్టుకోవాలి. మతం, జాతి, పుట్టిన చోటు, భాష ఆధారంగా సమూహాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. అత్యాచారాల చట్టానికి సంబంధించిన ఫిర్యాదులకు 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

ఫిర్యాదు చేసే ముందు మాట పడ్డ మనిషి దగ్గరికి వెళ్లి ఏం కావాలో అడగండి. ఆ వాచ్‌మన్ ఫిర్యాదు కోరుకోకపోవచ్చు, ఉద్యోగం పోకుండా ఉండడం, అన్న మనిషి వచ్చి నేరుగా ఒక మాట చెప్పడం ఆయనకు చాలనిపించవచ్చు. ఆ చేపలమ్మే ఆవిడ, లిఫ్టులో బుట్టతో ఎక్కకూడదన్న నోటీసు తీసేయమని అడగవచ్చు. ఆ విద్యార్థి కేసు పెట్టాలనే అనవచ్చు, అప్పుడు స్టేషనుకు తోడు వెళ్లండి, మీరు విన్నది విన్నట్టుగా, తేదీతో సహా రాసి సంతకం చేసి ఇవ్వండి.